పసుపు సీసా, తెలుగు అచ్చు

దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు జీవితం

షోలాపూరులో మగ్గం ఉన్న ఇల్లయినా, హోసూరులో పూలతోట ఉన్న ఇల్లయినా, బరంపురంలో కిరాణా కొట్టు వెనక ఉన్న ఇల్లయినా, యానాంలో గోదావరి గట్టు దగ్గర ఇల్లయినా, అమ్మమ్మ తలగడ పక్కన ఒక చిన్న సీసా ఉండేది. మూత తీస్తే ఘాటుగా వాసన వచ్చేది. వేలికొసతో కాస్త పసుపుపచ్చ మందు తీసి నుదుటికి రాస్తే చురుక్కుమనేది. ఆ తర్వాత హాయిగా ఉండేది. అమృతాంజనం తెలియని తెలుగు ఇల్లు దాదాపు లేదు. తెలుగు రాని ఇళ్లలోనూ దానికి అదే చోటు.

ఆ మందును అమ్మినవాడు తెలుగువాడని పెద్దలకు తెలుసు. దాని లాభంతో బొంబాయిలో ఒక తెలుగు వారపత్రిక మొదలైందని, అది మద్రాసు చేరి దినపత్రిక అయిందని, ఆ డబ్బుతోనే పాత తెలుగు కావ్యాలు అచ్చయ్యాయని మన పిల్లలకు ఎవరైనా చెప్పాలి. రాష్ట్రం బయట ఉంటూ తెలుగు బడికి పిల్లలను పంపే తల్లిదండ్రులు తరచు ఒక మాట అడుగుతారు. తెలుగు చదివితే పిల్లవాడికి బతుకు తెరువు దొరుకుతుందా అని. అది న్యాయమైన ప్రశ్న. తెలుగు నేలకు దూరంగా వ్యాపారం చేసి, సంపాదించినదాన్ని తెలుగుకే ఖర్చు చేసిన నాగేశ్వరరావు పంతులుగారి జీవితం ఆ ప్రశ్నను ఇంకో వైపు నుంచి చూపిస్తుంది.

పట్టా చేతికొచ్చాక

పంతులుగారు 1867లో కృష్ణా జిల్లాలోని ఒక పల్లెటూరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. మొదటి చదువు సొంత ఊళ్లో, ఆ తర్వాత బందరులో సాగింది. అక్కడి నుంచి మద్రాసు వెళ్లి క్రిస్టియన్ కాలేజీలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజుల్లో కందుకూరి వీరేశలింగం గారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసాలు ఆయన మనసు మీద బలంగా పనిచేశాయి. పత్రిక అనేది జనం నడతను మార్చగలదన్న నమ్మకం ఆయనకు అక్కడే కలిగి ఉండాలి.

ఆ కాలంలో బి.ఏ. పట్టా అంటే సామాన్యమైన సంగతి కాదు. పట్టా ఉన్న బ్రాహ్మణ యువకుడి ముందు రెండు దారులు సిద్ధంగా ఉండేవి. కలెక్టరు కచేరీలో ఉద్యోగం ఒకటి, ప్లీడరు వృత్తి మరొకటి. వ్యాపారం ఆ ఇళ్లవారు చేసే పనిగా ఎవరూ అనుకునేవారు కాదు. తెలుగు ఊళ్లలో వ్యాపారమంటే కోమటి కుటుంబాల పని. వాళ్లకు తరతరాల అనుభవం ఉంది, సరుకు అప్పిచ్చే బంధువులున్నారు, ఏ ఊరు వెళ్లినా దిగడానికి సత్రం, కన్యకాపరమేశ్వరి గుడి ఉన్నాయి. చదువుకున్న బ్రాహ్మణ పిల్లవాడికి ఇవేవీ లేవు. పైగా కొట్టు పెట్టాడంటే చదువు దండగైందని ఊరు అనుకునే కాలం.

ఒక మనిషి ఏ పని చేయవచ్చో చట్టం ఒక్కటే నిర్ణయించదు. ఇంట్లో గౌరవంగా చూసేది ఏది, ఊరు నవ్వేది ఏది అనేవి కూడా నిర్ణయిస్తాయి. పంతులుగారు దాటిన మొదటి గడప ఇదే. ఉద్యోగం దొరికే చదువు చేతిలో పెట్టుకుని ఆయన వ్యాపారం వైపు నడిచారు.

మద్రాసు, కలకత్తా, బొంబాయి

ఆ నడక వెంటనే గమ్యం చేరలేదు. మద్రాసులో కొంతకాలం వ్యాపారం చేశారు. తర్వాత కలకత్తా వెళ్లి మందుల తయారీలో పని నేర్చుకున్నారు. అక్కడి నుంచి బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. సొంతంగా ఏదైనా నిలబెట్టాలన్న కోరిక మాత్రం ఆయనను వదల్లేదు. 1893లో, ఇరవై ఆరేళ్ల వయసులో, బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ మూడు ఊళ్లను దాటవేయకూడదు. వాటిలో చదువు ఉంది, చేతిపని ఉంది, ఒకరి కింద చేసిన కొలువు ఉంది. మందు కలపడం కలకత్తాలో నేర్చుకున్నారు. పెద్ద నగరంలో సరుకు ఎలా కదులుతుందో బొంబాయి ఉద్యోగంలో చూసి ఉంటారు. ఒక్కరోజులో తట్టిన ఆలోచనతో ధనవంతుడైన మనిషి కథ ఇది కాదు.

తెలియని ఊళ్లో నమ్మకం

అప్పటి బొంబాయి దేశంలోకెల్లా పెద్ద వ్యాపార నగరాల్లో ఒకటి. పత్తి, నూలు, బట్టల వ్యాపారంతో ఊరంతా కదిలేది. ఆ వ్యాపారం చాలావరకు కులం, మతం, బంధుత్వం అనే తీగల మీద నడిచేది. పార్శీలు, భాటియాలు, గుజరాతీ బనియాలు, మార్వాడీలు, బోరాలు, మేమన్లు ఎవరి వర్గంలో వాళ్లు అప్పులు ఇచ్చిపుచ్చుకునేవారు. ఒక ఊళ్లో రాసిన హుండీకి మరో ఊళ్లో డబ్బు చేతికొచ్చేది. ఆ కాగితానికి విలువ తెచ్చింది రాసినవాడి ఇంటిపేరు, అతని పెద్దల మాట. మాట తప్పినవాడికి కోర్టు శిక్ష ఆలస్యంగా వచ్చినా, వర్గంలో పరువు ఆ రోజే పోయేది. పిల్లకు సంబంధం కూడా దొరికేది కాదు. అందువల్ల మాట నిలిచేది, మాట నిలిచినందువల్ల అప్పు చౌకగా దొరికేది.

బొంబాయిలో తెలుగువాళ్లు లేకపోలేదు. ఆ నగరంలోని కామాఠిపురకు ఆ పేరు వచ్చింది తెలుగు ప్రాంతాల నుంచి వలస వెళ్లి కట్టుబడి పనులు చేసిన కామాఠీల వల్లనే. నేతపనివాళ్లు, మిల్లు కూలీలు కూడా అక్కడికి చేరారు. వాళ్లు నగరాన్ని కట్టారు, బట్ట నేశారు. కొత్త మందుకు పెట్టుబడి పెట్టగల షావుకార్లు మాత్రం వాళ్లలో అరుదు. పంతులుగారికి ఆ ఊళ్లో తన ఇంటిపేరు చూసి అప్పిచ్చేవారు లేరు. పేరు వినగానే సరుకు కొనేవారూ లేరు.

మందు వ్యాపారంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. బియ్యం చేత్తో పట్టుకుంటే మంచిదో కాదో తెలుస్తుంది. బట్ట లాగి చూస్తే తెలుస్తుంది. సీసాలో ఉన్న మందు ఎలాంటిదో వాడేదాకా తెలియదు. పైగా అది సర్వరోగ నివారిణులన్న పేరుతో రకరకాల మందులు పత్రికల ప్రకటనల్లో మోత మోగుతున్న కాలం. చెప్పేవాళ్లు ఎక్కువైనచోట ఎవరి మాటా నమ్మబుద్ధి కాదు.

పంతులుగారు ఎంచుకున్న మార్గం తేలికైనది, ఖర్చుతో కూడినది. సంగీత కచేరీలకు వెళ్లి అమృతాంజనాన్ని ఉచితంగా పంచేవారు. ఇందులోని తెలివిని పిల్లలతో కలిసి ఆలోచించవచ్చు. కచేరీ గంటల తరబడి సాగుతుంది. గాలి ఆడని చోట జనం కిక్కిరిసి కూర్చుంటారు. తలనొప్పి రావడం సహజం. అక్కడ నుదుటికి రాసుకున్న మందు ఫలితం ఆ నిమిషంలోనే తెలుస్తుంది. పక్కనే కూర్చున్న మనిషికి వాసన తగిలి ఏమిటని అడుగుతాడు. కచేరీకి వచ్చేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు. మర్నాడు వాళ్లు ఇంట్లో, ఆఫీసులో చెప్పే మాటకు ప్రకటన కంటే బరువు ఎక్కువ.

వర్గం అండ లేని మనిషి రసికుల సభను తన అండగా చేసుకున్నాడన్నమాట. అక్కడ గుజరాతీ, మరాఠీ, తమిళం, తెలుగు అన్న తేడా పాటకు అడ్డం రాదు, తలనొప్పికీ అడ్డం రాదు. వ్యాపారానికి మొదటి పునాది అలా ఒక కళ చుట్టూ చేరిన జనంలో పడింది.

మొదలైన మూడేళ్లకే, 1896లో, బొంబాయిని ప్లేగు పట్టుకుంది. జనం వేలకొద్దీ ఊరు విడిచిపోయారు. కొత్తగా పెట్టిన ఏ వ్యాపారానికైనా అవి గడ్డురోజులు. అమృతాంజనం ఆ రోజులను దాటి నిలబడింది. నెమ్మదిగా దేశమంతా పాకింది. పంతులుగారు సంపన్నులయ్యారు.

స్వదేశీ గాలి

1905లో బెంగాల్ విభజన జరిగింది. దాని మీద లేచిన ఆందోళనతో స్వదేశీ అనే మాట ఇంటింటికీ చేరింది. విదేశీ బట్టలు తగలబెట్టారు. దేశంలో తయారైన సరుకే కొనాలని ఒట్లు పెట్టుకున్నారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి ప్రసంగించినప్పుడు తెలుగు జిల్లాల విద్యార్థుల్లో ఆ ఉద్యమం ఊపందుకుంది. వందేమాతర ఉద్యమంగా మన పెద్దలు గుర్తుపెట్టుకున్నది దాన్నే.

స్వదేశీ ఒక రాజకీయ ఉద్యమం. అది బజారు నడకను కూడా మార్చింది. అంతవరకు కొనేవాడు ధర ఎంత, సరుకు ఎలా ఉంది అని రెండు ప్రశ్నలు అడిగేవాడు. ఇప్పుడు ఎవరు చేశారు, లాభం ఎక్కడికి పోతుంది అనే మూడో ప్రశ్న చేరింది. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఆ ప్రశ్న వల్ల సబ్బులు, అగ్గిపెట్టెలు, మందులు, బట్టలు తయారుచేసే దేశీయ కర్మాగారాలకు చోటు దొరికింది. వాటిలో అనేకం కొద్ది సంవత్సరాల్లో మూతపడ్డాయి. దేశభక్తితో ఒకసారి కొన్నవాడు నాసిరకం సరుకును రెండోసారి కొనడం కష్టం. అమృతాంజనం ఆ గాలి రావడానికి పన్నెండేళ్ల ముందే జనం నుదుటి మీద నిలబడి ఉంది. నాణ్యత వల్ల వచ్చిన పేరుకు దేశీయమన్న గౌరవం తోడైంది.

పంతులుగారు ఆ గాలిని వ్యాపారానికి వాడుకుని ఊరుకోలేదు. 1907లో సూరత్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు వెళ్లారు. మితవాదులు, అతివాదులు తగువులాడి విడిపోయిన సభ అది. దేశమంతా దాని గురించే చర్చ. తెలుగువాడికి ఆ చర్చ తన భాషలో అందాలన్న ఆలోచన ఆయనలో బలపడింది.

బొంబాయిలో తెలుగు పత్రిక

1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో మొదలైంది. కృష్ణా, గోదావరి తీరాలకు వందల మైళ్ల దూరంలో, మరాఠీ, గుజరాతీ వినిపించే నగరంలో ఒక తెలుగు పత్రిక. వ్యాపార లెక్క ప్రకారం ఇంతకంటే అసందర్భమైన చోటు దొరకదు. పాఠకులు ఒకచోట, అచ్చు మరొకచోట. మధ్యలో రైలు, తపాలా.

దూరం వల్ల ఒక మేలు కూడా ఉంది. బొంబాయి అప్పుడు దేశ రాజకీయాలకు నడిబొడ్డు. అక్కడి వార్త తెలుగు జిల్లాలకు నేరుగా తెలుగులో చేరడం కొత్త. పరాయి ఊళ్లో ఉన్న తెలుగువాడికి ఆ పత్రిక ఇంకో పని చేసింది. తన ఊరి నుంచి వచ్చిన ఉత్తరం కుటుంబ సమాచారం చెబుతుంది. పత్రిక తన జాతి సమాచారం చెబుతుంది. రాష్ట్రం బయట పిల్లలను పెంచుతున్న మనకు ఈ రెండింటి తేడా విడమరిచి చెప్పనక్కరలేదు.

ప్రతి ఉగాదికి ఆంధ్రపత్రిక ప్రత్యేక సంచిక తెచ్చేది. చరిత్ర, సాహిత్యం, కళలు, శాస్త్ర విషయాల మీద పెద్దలు రాసిన వ్యాసాలతో, బొమ్మలతో ఆ సంచికలు దాచుకునే పుస్తకాల్లా ఉండేవి. పండుగకు కొత్త బట్టలు కొన్నట్టు ఉగాదికి సంచిక కొనడం చదువరుల ఇళ్లలో అలవాటైంది. పంచాంగ శ్రవణం ఉన్న పండుగకే చదువును కూడా ముడిపెట్టడం ఎంత తెలివైన పనో ఉపాధ్యాయులు గమనించాలి. జనానికి ముందే ఉన్న ఆచారం పక్కన కొత్త అలవాటును నాటితే అది త్వరగా వేరూనుతుంది. కచేరీలో అంజనం పంచిన మనిషి ఆలోచనే ఇక్కడా కనిపిస్తుంది.

పత్రిక ఖర్చుకు వెనక అమృతాంజనం ఆదాయం ఉంది. చందాల మీదే బతకవలసిన పత్రికలు ఎన్నో పుట్టి ఆగిపోతున్న రోజుల్లో ఈ ఆసరా చాలా పెద్దది. పత్రిక వల్ల అమృతాంజనానికీ మేలు జరిగి ఉంటుంది. ఆంధ్రపత్రిక చదివే ఇల్లు ఆ పత్రిక యజమాని మందును పరాయిదిగా చూడదు. దీన్ని దానమనాలా, వ్యాపారమనాలా అంటే గీత గీసి చెప్పడం కష్టం. పంతులుగారి జీవితంలో ఈ రెండూ ఒకే ఖాతా పుస్తకంలో ఉన్నాయి.

మద్రాసుకు మార్పు

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక గట్టిపడింది. బొంబాయిలో కూర్చుని ఆ మాటను మోయడం కష్టమని పంతులుగారు గ్రహించి ఉంటారు. 1914 ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ప్రతిరోజు వార్త తెలుసుకోవాలన్న ఆత్రం ఊళ్లకు పాకింది. ఇంగ్లీషు రాని తెలుగువాడు యుద్ధం గురించి, దేశం గురించి రోజూ చదువుకునే అవకాశం వచ్చింది.

మద్రాసు అప్పటికి తమిళుల, తెలుగుల ఉమ్మడి రాజధాని. తెలుగు పుస్తకాల అచ్చుకు అదే పెద్ద కేంద్రం. ఆ నగరంలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు, కోస్తా జిల్లాల నుంచి చదువుకు వచ్చిన విద్యార్థులు, రాయలసీమ నుంచి వచ్చిన ప్లీడర్లు ఒకే పత్రికను చదవడం మొదలుపెట్టారు. ఒకరి వాడుక ఒకరికి అలవాటైంది.

చౌక పుస్తకం

1924 జనవరిలో పంతులుగారు భారతి మాసపత్రికను ప్రారంభించారు. సాహిత్యం, చరిత్ర, శాసనాలు, భాషా పరిశోధన, కథ, కవిత్వం అన్నిటికీ అందులో చోటు ఉండేది. భారతిలో అచ్చయితే రచయితగా గుర్తింపు వచ్చినట్టేనని తర్వాతి తరాల రచయితలు భావించేవారు.

1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర వంటి పాత గ్రంథాలు ఈ మాలలో వచ్చాయి. సామాన్యుడు కొనగలిగేలా ధరలు తక్కువగా ఉంచారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆయన 1923లో మరణించడంతో ఆగిపోతే, ఆ బరువును కూడా పంతులుగారే ఎత్తుకున్నారు. ఊరూరా గ్రంథాలయాలు పెట్టాలన్న ఉద్యమానికి అండగా నిలిచారు.

ఇక్కడ ఒక వ్యాపారి కన్ను కూడా పనిచేసింది. బసవపురాణానికి కొనేవారు అప్పటికే వేలల్లో లేరు. ముందు పుస్తకం చౌకగా అందాలి, చదివే చోటు ఉండాలి, చదవాలన్న కోరికను రేపే పత్రిక ఉండాలి. అప్పుడు పాఠకుడు తయారవుతాడు. అమృతాంజనానికి ఉచిత నమూనా ఎలాంటిదో, తెలుగు చదువుకు గ్రంథాలయం అలాంటిది. ఒకసారి రుచి తెలిసినవాడు మళ్లీ వస్తాడు. తేడా ఒక్కటే. మందు వల్ల వచ్చిన లాభం చేతికి తిరిగి వచ్చింది. పుస్తకం మీద పెట్టిన ఖర్చు సమాజంలో ఉండిపోయింది.

తెరిచి ఉంచిన తలుపు

మద్రాసు మైలాపూరులోని లజ్ ప్రాంతంలో పంతులుగారి ఇంటి పేరు శ్రీబాగ్. సాయం కోసం ఆ ఇంటికి వచ్చేవారు ఎందరో. విద్యార్థులు, రచయితలు, ఉద్యమకారులు, సంస్థలు నడిపేవారు వచ్చేవారు. ఆయన ఇచ్చే చెయ్యి చూసి జనం విశ్వదాత అన్నారు. దేశోద్ధారక బిరుదు ఆయన ఇంటిపేరులో భాగమే అయింది.

దానం వ్యాపారానికి భారం కాకుండా ఉండదు. మందు మీద వచ్చిన లాభాన్ని మందు వ్యాపారంలోనే మళ్లీ పెడితే అది ఇంకా పెద్దదయ్యేదేమో. ఆయన అలా చేయలేదు. కాంగ్రెస్ పని, ఖద్దరు, పత్రికలు, పుస్తకాలు, అడిగినవారికి సాయం అన్నీ ఆ ఒక్క సీసా మీద ఆధారపడ్డాయి. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లారు. జైల్లో భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. యజమాని జైల్లో ఉంటే కంపెనీకి ఏమవుతుందన్న భయంతో ప్రభుత్వానికి దూరంగా ఉండని వ్యాపారులు ఆ కాలంలో చాలామందే. ఆ భయం ఆయన్ని ఆపలేదు.

1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1936లో అమృతాంజనం లిమిటెడ్ కంపెనీగా మారింది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్‌లో కూర్చుని ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశారు. రేపు ఆంధ్ర రాష్ట్రం వస్తే రాయలసీమకు న్యాయం ఎలా జరగాలన్నది దాని సారాంశం. నీళ్లు, విశ్వవిద్యాలయం, రాజధాని, హైకోర్టు, శాసనసభ స్థానాల ప్రస్తావన అందులో ఉంది. శ్రీబాగ్ ఒడంబడికగా అది చరిత్రలో నిలిచింది. ఒకరినొకరు అనుమానించే రెండు ప్రాంతాలవారు మాట్లాడుకోవడానికి ఒప్పుకున్న ఇల్లది. నమ్మకం మీద వ్యాపారం కట్టిన మనిషి ఇంట్లోనే ఆ సంతకాలు జరిగాయి.

1938 ఏప్రిల్ 11న పంతులుగారు కన్నుమూశారు. ఆయన కోరిన రాష్ట్రం మరో పదిహేనేళ్లకు, 1953 అక్టోబరు 1న ఏర్పడింది. మద్రాసు అందులో లేదు. ఆయన పత్రిక నడిచిన నగరంలో తెలుగువాళ్లు ఆనాటి నుంచి భాషా అల్పసంఖ్యాకులు.

మందు మిగిలింది, మరి పత్రిక?

పంతులుగారి తర్వాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ ఆంధ్రపత్రికను, భారతిని నడిపారు. తెలుగువాళ్ల రెండు మూడు తరాలు వాటితో పెరిగాయి. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. అమృతాంజనం నేటికీ దుకాణాల్లో దొరుకుతోంది. మైలాపూరులో పంతులుగారి పేరు మీద ఉన్న పార్కులో ఉదయం నడిచేవారిలో తెలుగు రానివారే ఎక్కువ. వాళ్లలో అమృతాంజనం వాడనివారు తక్కువ.

ఒకే మనిషి చేతుల మీదుగా వచ్చిన రెండింటిలో ఒకటి మిగిలి ఒకటి ఎందుకు పోయిందో ఒక్క కారణంతో చెప్పలేం. ఒక సంగతి మాత్రం చెప్పవచ్చు. తలనొప్పి ప్రతి తరానికీ దానంతట అదే వస్తుంది. చదివే కన్ను అలా రాదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అ ఆ లు దిద్దించాలి, ఆ తర్వాత అతనికి నచ్చే పుస్తకం చేతిలో పెట్టాలి. తెలుగు పుస్తకానికి, తెలుగు పత్రికకు, తెలుగు నాటకానికి బజారు మొదలయ్యేది అక్కడే. రాష్ట్రం బయట ఆ పని చేసే చోటు మన బడి.

కాబట్టి తెలుగు చదివితే బతుకు తెరువు దొరుకుతుందా అన్న ప్రశ్నకు తేలికైన హామీ ఇవ్వలేం. పంతులుగారు కూడా తెలుగు మీద సంపాదించలేదు. ఇంగ్లీషు చదువు, కలకత్తాలో నేర్చిన పని, బొంబాయి జనం నమ్మకం ఆయనకు అన్నం పెట్టాయి. తెలుగు ఆయనకు ఇచ్చింది మరొకటి. సంపాదన ఎవరికోసం అన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబు లేకపోతే ఆయన బొంబాయిలో ఒక ధనికుడైన మందుల వ్యాపారిగా ఉండిపోయేవారు, మనకు పేరు కూడా తెలిసేది కాదు. చుట్టూ ఉన్న భాష నేర్చుకోవడం, ఇంటి భాష నిలుపుకోవడం ఒకదానికొకటి అడ్డమని ఆయన ఎన్నడూ అనుకోలేదని ఆయన బతికిన తీరే చెబుతుంది.

తరగతిలో చేయదగినది

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఈ పాఠం చెప్పిన తర్వాత ఒక చిన్న పని ఇవ్వవచ్చు. మీ వీధిలో తెలుగు కుటుంబం నడిపే కొట్టునో, మగ్గం షెడ్డునో, టిఫిన్ సెంటర్‌నో, దర్జీ దుకాణాన్నో ఎంచుకోమనండి. యజమానిని నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకు రమ్మనండి. ఈ ఊరికి మీ పెద్దలు ఎప్పుడు వచ్చారు? మొదటి అప్పు ఎవరిచ్చారు, ఏ నమ్మకంతో ఇచ్చారు? కొనేవాళ్లతో ఏ భాషలో మాట్లాడతారు? లెక్కలు ఏ భాషలో రాస్తారు?

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులను నల్లబల్ల మీద తరాల వారీగా రాయండి. తాతగారు ఏ భాషలో రాశారు, నాన్నగారు ఏ భాషలో రాస్తున్నారు, ఇప్పుడు ఫోనులో ఏ భాషలో ఉంది. వరస చూశాక పిల్లలే మాట్లాడటం మొదలుపెడతారు. తల్లిదండ్రుల సమావేశం రోజున ఆ బల్లను చెరపకుండా ఉంచితే, పెద్దలకు కూడా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.